ఎదురుకాళ్ళతో పుట్టిన నాకే నడుం నొప్పి

అంబాజీపేట స్టాపులో ఒక పెద్దావిడ కొబ్బరికాయల సంచీని బస్సు మెట్టు మీదికి ఎక్కించలేక అవస్థ పడుతోంది. వెనకాల జనం తోసుకుంటున్నారు. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నారు. నేను ఆ బస్సు కండక్టర్ని. "ఇలా ఇవ్వండమ్మా" అని వంగి, సంచీ చెవులు పట్టుకుని ఒక్క ఊపున లాగాను. సంచీ పైకి వచ్చింది కాని నేను పైకి లేవలేకపోయాను. నడుంలో కలుక్కుమంది. కళ్ళ ముందు చుక్కలు కనపడ్డాయి. అలాగే వంగి, కమ్మీ పట్టుకుని "రైట్" అన్నాను. అమలాపురం దాకా టికెట్లన్నీ వంగే ఇచ్చాను.

"ఏటండీ కండక్టరు గారూ, కింద ఏవన్నా పారేసుకున్నారా?" అని వెనక సీట్లోంచి ఎవరో అన్నారు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం చచ్చేంత సిగ్గు వేసింది. ఎందుకంటే ఆ బస్సులో చాలామంది నడుములు బాగుచేసినదాన్ని నేను.

అదెలాగో చెప్పాలి. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చాయట. మా అమ్మ, నేను ఇద్దరం బతికి బట్టకట్టడమే గొప్ప అనుకున్నారట. అలా పుట్టినవాళ్ళు కాలితో తన్నితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. తన్నడమంటే నిజంగా తన్నడం కాదు. నడుం పట్టినవాళ్ళు పరగడుపున వచ్చి, గుమ్మం పట్టుకుని తూర్పుకి తిరిగి నిలబడతారు. నేను ఎడమ పాదం వాళ్ళ నడుముకి ఆనించి మూడుసార్లు కిందికి రాస్తాను. అంతే. చిన్నప్పుడు ఆదివారం వస్తే నన్ను నిద్రలోంచి లేపి గుమ్మంలో నిలబెట్టేవారు. మా హెడ్మాస్టరు గారిని కూడా తన్నాను. తన్నిన వెంటనే ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాను, పెద్దవాళ్ళకు కాలు తగిలితే పెట్టాలి కదా. మర్నాడు క్లాసులో పిల్లలంతా నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

దీనికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోను. పుచ్చుకుంటే మహత్యం పోతుందని అమ్మ మాట. కాకపోతే చేతిలో పెట్టిన అరటిపళ్ళు వద్దనను. నాకు కాస్త గీర ఉందని మా ఆయన అంటారు. ఉందండీ. చదువులో వెనకబడ్డదాన్ని, కష్టపడి ఖాకీ చొక్కా సంపాదించుకున్నాను, దానికి తోడు దేవుడిచ్చిన కాలు ఒకటి. గీర లేకపోతేనే ఆశ్చర్యం.

అలాంటి నాకు నడుం పట్టింది. ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. వేడి చేసిందన్నాను. మా వైపు ఏం వచ్చినా ముందు వేడి చేసిందనే అంటాం. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. కొబ్బరినీళ్ళకు కరువు లేదు, అవీ తాగాను. మెడికల్ షాపు కుర్రాడిచ్చిన మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్ళేదాన్ని. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా పళ్ళు బిగబట్టేదాన్ని. ఇంటికొచ్చాక మా ఆయన రాంబాబు నూనె రాసేవారు. ఆయన అంబాజీపేటలో కొబ్బరి లారీల లోడింగ్ చూస్తారు. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఊరందరినీ తన్నేవు. ఏం లాభం, నీ కాలు నీ నడుముకి అందదు గదే" అన్నారు ఒకరోజు. నొప్పిలోనూ నవ్వు ఆగలేదు. నవ్వితే ఇంకా నొప్పి.

చివరికి అమ్మే ఒక దారి చెప్పింది. కొత్తపేట వైపు సూర్యం గారని ఒక పెద్దాయన ఉన్నారు. కొబ్బరితోటల రైతు. ఆయనా ఎదురుకాళ్ళతో పుట్టినవారే. విచిత్రం ఏమిటంటే మా ఊరివాళ్ళు కొందరు నన్ను వదిలేసి ఆయన దగ్గరికి వెళ్ళేవారు, వాళ్ళ ఊరివాళ్ళు కొందరు ఆయన్ని వదిలేసి నా దగ్గరికి వచ్చేవారు. పొరుగింటి పుల్లకూర రుచి కదా. అందుకని మా ఇద్దరికీ మాటల్లేకపోయినా లోలోపల పోటీ ఉండేది.

ఆదివారం తెల్లవారి మా ఆయన బండి మీద వెళ్ళాను. నన్ను చూడగానే సూర్యం గారి మొహం వెలిగిపోయింది.

"రావమ్మా, రా. వస్తావని నాకు తెల్సు. ఎంతైనా పెద్దోళ్ళ దగ్గరికి రాక తప్పదు గదా" అన్నారు.

"ఆయ్, అందుకే వచ్చేనండి మావయ్య గారూ" అన్నాను, పళ్ళ బిగువున.

"నువ్వు పాదం ఆనించి వదిలేస్తావంట. నాది పాత పద్ధతి. గుమ్మం గట్టిగా పట్టుకో."

ఆయన పాత పద్ధతి నిజంగానే తన్ను. గోరుచుట్టు మీద రోకలిపోటు. నడుంలోంచి పిరుదు, తొడ, పిక్క మీదుగా బొటనవేలి దాకా కరెంటు పాకినట్టయింది. కెవ్వుమన్నాను. ఆయన మాత్రం చేతులు దులుపుకుని సంతోషంగా చెప్పారు. "చూసేవా, నొప్పి నడుం వదిలి కాల్లోకి దిగిపోయింది. ఇంక పాదంలోంచి బయటికి పోద్ది. కంగారు పడకు."

ఆ మాట నేను నమ్మాను. ఎందుకు నమ్మానంటే నేనూ అందరికీ అదే చెప్పేదాన్ని. నొప్పి పైనుంచి కిందికి దిగుతోందంటే పోతోందని మా లెక్క. నిజంగానే కొద్దిరోజుల్లో నడుం తేలికపడింది. ఎడమ కాలు లాగడం మొదలైంది. తర్వాత పిక్కలో లాగుడూ తగ్గింది, పాదం పైభాగం మొద్దుబారింది. "పాదంలోకి వచ్చేసిందే, ఇంకేముంది" అని అమ్మ సంబరపడింది. పాయసం వండింది కూడా. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

అప్పుడే చెప్పు సంగతి జరిగింది. రాజోలు ట్రిప్పులో వెనక నుంచి ముందుకి టికెట్లు కొట్టుకుంటూ వచ్చాను. ఒకాయన వెనకాలే వచ్చి, "అమ్మా, ఇది మీ చెప్పేనాండీ?" అని నా ఎడమ కాలి చెప్పు చూపించారు. బస్సు మధ్యలో ఎక్కడో జారిపోయింది. నా కాలికి చెప్పు లేదన్న సంగతి నాకు తెలియలేదు. చూస్తే తప్ప తెలియలేదు.

ఆ రోజు డ్రైవరు జాన్ బాబు గారు. నాకంటే పెద్దవారు, ఎక్కువ మాట్లాడరు. రాజోలులో టీ తాగుతుంటే అన్నారు. "అమ్మా, నేను అద్దంలో చూస్తన్నాను. మీ ఎడం కాలు లేవట్లేదు. నేలకేసి కొడతన్నారు."

"నొప్పి దిగిపోతందండి. పాదంలోకి వచ్చింది. రేపో మాపో పోద్ది" అన్నాను.

"నొప్పి పోయేదైతే కాలుని కూడా పట్టుకుపోదు కదమ్మా. స్టీరింగ్ ఒక పక్కకి లాగితే బండిని రోడ్డు మీద తిప్పుతామా? షెడ్డుకి పంపమా?" అన్నారు ఆయన. వాళ్ళావిడ నర్సు. అక్కడే ఫోన్ చేసి కనుక్కున్నారు. కాకినాడ నుంచి స్పైన్ స్పెషలిస్టు ఒకాయన వారానికోసారి అమలాపురం వస్తారని, గురువారం రమ్మని చెప్పారు. ఆలోగా ఏదైనా తేడా వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలని ఆవిడ ఫోన్లో గట్టిగా చెప్పింది. మర్నాడు నేను ఫుట్‌బోర్డు మీద కాలు తట్టుకుని ఒక ప్రయాణికుడి ఒళ్ళో పడ్డాను. ఆయన పాపం "ఫర్వాలేదండి, ఫర్వాలేదండి" అంటూనే ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది. గురువారం వెళ్ళాను.

డాక్టరు గారికి నలభై ఏళ్ళుంటాయేమో. నేను నడిచి వస్తుండగానే నా పాదం కేసి చూశారు, మొహం కేసి తర్వాత చూశారు. కూర్చోమనలేదు. "మడమల మీద నడవండమ్మా" అన్నారు. కుడి కాలు మడమ మీద నిలబడింది, ఎడమ కాలు టప్పున పడింది. మంచం మీద పడుకోబెట్టి కాలు పైకెత్తి చూశారు. చిన్న సుత్తితో కొట్టారు. సూదితో అక్కడక్కడ తాకి "తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా?" అని అడిగారు. ఆఖరికి "బొటనవేలు పైకి లేపండి" అన్నారు.

లేపాను. లేపాననే అనుకున్నాను. తల ఎత్తి చూస్తే వేలు అలాగే ఉంది.

"యూరిన్ మామూలుగా వస్తోందా? మోషన్ కంట్రోల్‌లో ఉందా? కాళ్ళ మధ్య, సీటు దగ్గర తిమ్మిరి ఉందా?"

పక్కన మా ఆయన ఉన్నారు. అవతల ఇంకో పేషెంటు ఉన్నాడు. నేను తల దించుకుని "అదేం లేదండి" అని గొణిగాను. డాక్టరు గారు ఊరుకోలేదు. కర్టెన్ లాగించి, "సిగ్గుపడి చెప్పకపోతే నష్టం మీకేనమ్మా. ఈ మూడింటిలో ఏది ఉన్నా మిమ్మల్ని ఇవాళ ఇంటికి పంపను. నిజం చెప్పండి" అన్నారు. నిజంగానే లేవు. ఈసారి గట్టిగా చెప్పాను.

"నొప్పి మాత్రం తగ్గిపోయిందండి" అన్నాను, ఆయన మొహంలో కాస్త సంతోషం చూద్దామని.

"అది మంచి కబురు కాదమ్మా. నరం ఇన్నాళ్ళూ అరిచింది. ఇప్పుడు అరిచే ఓపిక కూడా లేదు దానికి. పాదం ఇలా లేవకుండా వేలాడిపోవడాన్ని ఫుట్ డ్రాప్ అంటారు." కాగితం మీద రాసుకుంటూ, "ఈ కాలితో ఎక్కువగా ఏం పని చేస్తారు?" అని అడిగారు.

"వైద్యం చేస్తానండి" అన్నాను.

పెన్ను ఆగింది. "ఎవరికి?"

"నడుం నొప్పులకండి."

మా ఆయన గోడకేసి తిరిగారు. భుజాలు ఊగుతున్నాయి, నవ్వుకి. నేను ఉన్నదంతా చెప్పాను, సూర్యం గారి పాత పద్ధతితో సహా. డాక్టరు గారు శ్రద్ధగా విన్నారు. వెక్కిరించలేదు. "అయితే మనిద్దరిదీ ఒకటే స్పెషాలిటీ అన్నమాట" అన్నారు. తర్వాత గంభీరంగా, "ఆయన తన్నినందుకే డిస్క్ జారిందని నేను అనలేను. బహుశా సంచీ లాగిన రోజే జారి ఉంటుంది. కానీ జారిన డిస్క్ మీద దెబ్బ పడకూడదు. ఎమ్మారై ఇవాళే తీయించండి" అన్నారు.

ఎమ్మారై గొట్టంలో ఉన్నంతసేపూ డొక్కు బస్సు ఇంజన్ పక్కన పడుకున్నట్టు ఉంది. నాకు ఆ చప్పుడు అలవాటే. భయమంతా ఆ ఫిల్ము దీపానికి పెట్టి చూపించినప్పుడు వేసింది. "ఇదిగో, ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్. ఈ రెండు పూసల మధ్య డిస్క్ బయటికి వచ్చేసి నరాన్ని నొక్కేసింది. ఆ నరమే మీ పాదాన్ని పైకి లేపేది. నడుం నొప్పితో వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి మందులు, వ్యాయామం చాలని పంపేస్తాను. మీకలా చెప్పలేను. ఆపరేషన్ చేయాలి, తొందరగా చేయాలి."

"చేస్తే పాదం లేస్తుందాండీ?"

"నరాన్ని విడిపించడం నా పని. లేవడం దాని పని. లేస్తుందని మాట ఇవ్వలేను. ఆలస్యం చేస్తే లేవదని మాత్రం చెప్పగలను."

"మళ్ళీ బస్సెక్కుతానా?"

"ప్రయాణికురాలిగా తప్పకుండా ఎక్కుతారు. కండక్టరుగా ఎక్కుతారా అన్నది ఆ పాదం చెప్పాలి."

ఇంటికొచ్చాక ఒకటే రభస. నడుం ఆపరేషనంటే మంచాన పడడమేనని చుట్టాలు, పక్కింటివాళ్ళు అందరూ తీర్పు చెప్పేశారు. ప్రతివాళ్ళకీ మంచాన పడ్డ పెదనాన్నో పిన్నో ఉన్నారు. అమ్మ ఏడుపు వేరు. "ఒంటి మీద కత్తి పడితే కాలి మహత్యం పోద్ది బుజ్జమ్మా. దేవుడిచ్చింది కోయించుకుంటావా?" అంది. మా ఆయన ఒక్కరే, "నీ నడుం, నీ కాలు. నువ్వు ఏది చెప్తే అదే" అన్నారు. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి అలా అనేసరికి నాకు భయం ఎంత ఉందో అప్పుడు తెలిసింది.

నేను అమ్మకి ఒకటే చెప్పాను. "అమ్మా, లేవని కాలికి మహత్యం ఉంటే ఎంత, పోతే ఎంత?" ఆ వారమే కాకినాడలో చేరాను. ఈ నిర్ణయం నాది. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే నా వీపు నేనే తట్టుకోవాలనిపిస్తుంది.

మైక్రో డిస్కెక్టమీ అన్నారు, అంటే చిన్న గాటు పెట్టి జారిన డిస్క్ ముక్క తీసేయడం. మత్తు దిగాక చూసుకుంటే నడుం మీద చిన్న పట్టీ తప్ప ఏమీ లేదు. మర్నాడే లేపి నడిపించారు. పిక్కలో లాగుడు ఆనవాలు లేదు. మంచాన పడడమేనన్న వాళ్ళందరినీ వరసగా పిలిచి చూపించాలనిపించింది. కాని డాక్టరు గారు దుప్పటి తొలగించి "బొటనవేలు" అన్నారు. లేవలేదు. మర్నాడూ లేవలేదు. ఆయన "టైము పడుతుందమ్మా" అని వెళ్ళిపోయారు. నేను మొహం మీదికి దుప్పటి లాక్కుని ఏడ్చాను.

ఆ తర్వాతి నెలలు కష్టమైనవి. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ స్ప్లింట్ ఇచ్చారు. అది కట్టుకుని వరండాలో తిరుగుతుంటే వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి జాలి పడేవారు. ఫుట్ డ్రాప్ ఆపరేషన్‌కి ముందే వచ్చిందని ఎంత చెప్పినా ఎవరి బుర్రకీ ఎక్కలేదు. "కోయించుకుంది, కాలు పోయింది" అని ఊరంతా పాకింది. కొత్తపేట నుంచి సూర్యం గారి మాట కూడా వచ్చింది. "నేను నొప్పిని పాదం దాకా దించేను. ఇంకొక్క వారం ఆగితే అదే బయటికి పోయేది. ఈలోగా తొందరపడి కోయించేసుకుంది" అన్నారట. ఆ మాట విన్నరోజు నాకు అన్నం సహించలేదు. కోపంతో.

డిపోవాళ్ళు మంచివాళ్ళే. కావాలంటే బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరులో కూర్చోమన్నారు. మైకులో బస్సుల పేర్లు చదవడం. నీడపట్టు ఉద్యోగం, చాలామంది కోరుకునేది. నేను ఒప్పుకోలేదు. బస్సులో నిలబడే ఉద్యోగం నాకిష్టం. నలుగురితో గొడవపడాలి, నలుగురిని నవ్వించాలి, ముసలమ్మలకు సీటు ఇప్పించాలి. కదలని గదిలో కూర్చుని కదిలే బస్సుల పేర్లు చదవలేను. కొంతకాలం ఆగమని అడిగాను.

అమలాపురంలో ఫిజియోథెరపీకి వెళ్ళేదాన్ని. పాదానికి కరెంటు పెట్టి కండరాన్ని కదిలించేవారు. అక్కడి ఫిజియో పిల్ల చిన్నదే కాని గడుసుది. "కరెంటు పెడితే అదెలాగూ లేస్తుంది మేడం. మీరు చెప్తే లేవాలి. రోజూ దాన్నే చూస్తూ లెమ్మని చెప్పండి. మీరు చెప్పడం మానేస్తే అది వినడం మానేస్తుంది" అంది.

అందుకని పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, కాలు చాపి, బొటనవేలుతో మాట్లాడేదాన్ని. మొదట బతిమాలాను. తర్వాత తిట్టాను. మా ఆయన పళ్ళు తోముకుంటూ అటు వచ్చి, "బస్సులో అంతమందిని జరగండి జరగండి అని లోపలికి తోసేదానివి. ఒక్క వేలుని జరపలేవా?" అన్నారు.

ఒళ్ళు మండింది. ఆ మంటలో బస్సులో అరిచినట్టే అరిచాను. "జరగండి! పైకి జరగండి! ఇంకా చోటుంది, జరగండి!"

ఆ రోజు ఏమీ కాలేదు. పక్కింటివాళ్ళు మాత్రం కిటికీ తీసి చూశారు. కాని ఆ అరుపు నాకు నచ్చింది, రోజూ అరిచేదాన్ని. అలా వారాలు గడిచాక ఒక పొద్దున్న అమ్మ నా పక్కన కూర్చుని వంకాయలు తరుగుతోంది. "జరగండి" అన్నాను. అమ్మ కత్తిపీట మీంచి లేచి నిలబడింది.

"కదిలిందే!"

"నువ్వు ఊరుకో అమ్మా."

"ఒట్టు బుజ్జమ్మా, కదిలింది. మళ్ళీ అను."

మళ్ళీ అన్నాను. వేలు కదిలింది. ఎంతో కాదు, చీమ దూరేంత. అమ్మ వెళ్ళి మా ఆయన్ని స్నానాల గదిలోంచి తువ్వాలుతోనే లాక్కొచ్చింది. ముగ్గురం ఒక వేలు చుట్టూ చేరి చూశాం, నవ్వాం, ఏడ్చాం. నా జీవితంలో ఉద్యోగం వచ్చిన రోజు కూడా అంత సంతోషం లేదు.

వేలు లేచాక పాదం నెమ్మదిగా లేచింది. స్ప్లింట్ తీసేశాను. డాక్టరు గారి ముందు మడమల మీద గది ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాను. ఆయన రెండు చేతులూ కట్టుకుని చూసి, "నాలుగు వంతుల్లో మూడు వంతులకు పైనే వచ్చేసింది. అందరికీ ఇంత రాదు. మీరు దాన్ని వదల్లేదు, అదీ కారణం" అన్నారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసిచ్చారు. బరువులు ఎత్తొద్దని, వంగాలంటే మోకాళ్ళు వంచమని, రోజూ నడవమని చెప్పారు. నేను అసలు సంగతి అడిగాను. "మరి నా వైద్యం సంగతేంటండీ?"

ఆయన నవ్వారు. "మామూలు పట్టుకి పాదం ఆనిస్తే నష్టం లేదు. తన్నొద్దు, తొక్కొద్దు. కానీ కాలు ఎత్తేముందు నేను మిమ్మల్ని అడిగినవన్నీ మీరు వాళ్ళని అడగండి. తేడా ఉంటే ముట్టుకోకండి, పంపించండి."

డ్యూటీలో చేరిన రోజు జాన్ బాబు గారే డ్రైవరు. నేను ఎడమ కాలే ముందు పెట్టి ఫుట్‌బోర్డు ఎక్కాను. ఆయన అద్దంలో చూస్తున్నారు. హారన్ ఒకసారి గట్టిగా కొట్టారు. ఎదురుగా బండి ఏదీ లేదు.

ఇంక ఈ అనుభవంలో అసలైన రోజు చెప్పాలి. ఒక ఆదివారం పొద్దున్న మా గుమ్మం ముందు ఆటో ఆగింది. కొడుకు పట్టుకుంటే సూర్యం గారు దిగారు. మనిషి రెండుగా వంగిపోయి ఉన్నారు. ఆయన తన ఊరు దాటి నా గుమ్మానికి రావడమంటే ఎంత నొప్పి ఉండాలి! నిజం చెప్పాలంటే లోపల నా గీర కాస్త తోక ఊపింది.

"తన్నమ్మా. నీ పద్ధతిలోనే తన్ను" అన్నారు గుమ్మం పట్టుకుంటూ.

"ముందు కూర్చోండి మావయ్య గారూ. పాదాలు పైకి లేపండి." లేపారు, కాని రెండూ బలహీనంగా లేచాయి. నొప్పి రెండు కాళ్ళలోనూ ఉందన్నారు. "ఒంటికి వెళ్తన్నారా?"

"అయ్యన్నీ ఎందుకమ్మా ఇప్పుడు" అని మొహం తిప్పుకున్నారు. నాకు డాక్టరు గారి కర్టెన్ గుర్తొచ్చింది. కొడుకుని, మా ఆయన్ని పెరట్లోకి పంపేశాను. అమ్మని లోపలికి పొమ్మన్నాను.

"ఇప్పుడు చెప్పండి. నేను కండక్టర్ని, నాకు మొహమాటం లేదు. మీరూ పెట్టుకోకండి."

ఆయన నేలకేసి చూస్తూ చెప్పారు. "నిన్న సాయంత్రం నించి ఒంటికి రాలేదమ్మా. కూర్చుంటే కింద దిండేసినట్టుంది. నా ఒళ్ళు నాకు తెలీట్లేదు. కొడుకుతో ఎలా చెప్పను?"

డాక్టరు గారు నన్ను అడిగిన మూడింటిలో రెండు ఇవే. "లేవండి, వెళ్దాం" అన్నాను.

"తన్నవా?"

"తన్ననండి. ముట్టుకోను కూడా."

"నా మీద పగ పట్టేవా? ఆ రోజు నేనేదో అన్నానని..."

"పగ తర్వాత పడతాను. ముందు ఆటో ఎక్కండి" అని అరిచాను. బస్సు గొంతుతోనే. ఆయన ఎక్కారు. నేను కూడా ఎక్కాను. దారిలోనే డాక్టరు గారి ఆసుపత్రికి ఫోన్ చేశాను. అమలాపురం ఆసుపత్రిలో గొట్టం వేసి మూత్రం తీశారు, అక్కడినుంచి అంబులెన్సులో కాకినాడ. ఆ రోజే ఆపరేషన్ చేశారు. "కాడా ఈక్వైనా అంటారు దీన్ని, నడుం కింది నరాల కట్టంతా నలిగిపోవడం. ఇంకా ఆలస్యమైతే జీవితాంతం గొట్టంతో ఉండాల్సి వచ్చేది" అని డాక్టరు గారు వాళ్ళబ్బాయితో చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను. తర్వాత నా వైపు తిరిగి, "డాక్టరమ్మా, మంచి పని చేశారు" అన్నారు. ఆ పిలుపు సంగతి నేను మా ఊళ్ళో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

సూర్యం గారు కోలుకున్నారు. కర్ర పట్టుకుని తోటలో తిరుగుతున్నారు, గొట్టం అవసరం లేకుండా. ఇప్పుడు ఆయన ఊరంతా చెప్పే మాట వేరు. "ఆవిడ తన్నలేదండీ. కాలు పైకెత్తకుండానే నా నడుం నిలబెట్టింది. ఆ కాలు మహత్యం అలాంటిది" అంటున్నారట. డాక్టరు పేరు ఎక్కడా రాదు. వెళ్ళి సరిదిద్దమని మా ఆయన అంటారు. నేను ఆ పని డాక్టరు గారికే వదిలేశాను.

నేను ఇప్పుడు రాజోలు రూటులోనే ఉన్నాను. సాయంత్రానికి ఎడమ పాదం కాస్త అలుస్తుంది, అంతే. సంచీలు నేను లాగను, ఇద్దరి చేత ఎత్తిస్తాను. ఆదివారాల్లో మునుపటికంటే ఎక్కువమంది వస్తున్నారు. ముందు ప్రశ్నలు అడుగుతాను, పాదాలు చూస్తాను. తేడా లేనివాళ్ళకు పాదం ఆనిస్తాను, ఉన్నవాళ్ళను అటునుంచి అటే పంపేస్తాను. కొందరు అలుగుతారు. అలగనిస్తాను.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. నడుం పట్టినప్పుడు మీ బొటనవేలు పైకి లేపి చూడండి. అది లేవకపోయినా, కాళ్ళ మధ్య తిమ్మిరెక్కినా, ఒంటికి రాకపోయినా, నొప్పి తగ్గిందా పెరిగిందా అని చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళి, ఎవరు పక్కనున్నా సరే సిగ్గుపడకుండా నోరు విప్పి చెప్పండి. నా దగ్గరికి రావాలని మరీ అంత ఉంటే ఆ తర్వాత రండి. ఆదివారం పొద్దున్న ఇంట్లోనే ఉంటాను.